గాయం నుంచి నివేదిక దాకా: ఆస్ట్రేలియా వృద్ధ సంరక్షణలో తీవ్ర ఘటనల పథకం

ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ధనసహాయంతో నడిచే వృద్ధుల సంరక్షణ నిలయంలో ఒక పెద్దాయనకు దెబ్బ తగిలినా, వేళకు మందు అందక ప్రాణం మీదికి వచ్చినా, ఆయన సొమ్మును సిబ్బందిలో ఎవరైనా కాజేసినా, ఆ సంగతిని నాలుగు గోడల మధ్యే సర్దుకునే వీలు 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టరీత్యా లేకుండా పోయింది. ఆ రోజు అమలులోకి వచ్చిన ఏర్పాటు పేరు సీరియస్ ఇన్సిడెంట్ రెస్పాన్స్ స్కీమ్; అక్కడి సంరక్షణ రంగంలో పనిచేసేవారు దాన్ని పొడి అక్షరాలతో సర్స్ అని పిలుస్తారు. వృద్ధులకు హాని చేసిన ఘటనలను, హాని చేయగలిగిన ఘటనలను గుర్తించడం, బాధితుడిని ఆదుకోవడం, నిర్ణీత గడువులో ఏజ్డ్ కేర్ క్వాలిటీ అండ్ సేఫ్టీ కమిషన్ అనే జాతీయ నియంత్రణ సంస్థకు తెలియజేయడం, అటువంటిది మళ్లీ జరగకుండా పద్ధతులు మార్చుకోవడం ఈ పథకం సంస్థల మీద మోపిన బాధ్యతలు. 2022 డిసెంబరు 1 నుంచి ఇళ్లకు వచ్చి అందించే సేవలకు కూడా దీన్ని విస్తరించారు; 2025 నవంబరు 1న అమలులోకి వచ్చిన కొత్త వృద్ధ సంరక్షణ చట్టం కింద కూడా ఇది కొనసాగుతున్నది.

ఈ పథకం గురించి వివరించేవారు సాధారణంగా గడువుల లెక్కతో మొదలుపెడతారు. ఇరవై నాలుగు గంటలు, ముప్పై రోజులు అన్న ఆ లెక్కలను వంటబట్టించుకోవడం ఏ ఉద్యోగికైనా ఒక పూట పని. అంతకంటే చాలా కష్టమైనది దానికి ముందు జరగాల్సిన పని. అంటే, కళ్లెదుట కనిపిస్తున్నది మామూలు సంగతి కాదని, పెద్ద వయసు కనుక అలాగే ఉంటుందని దాటవేయదగినది అంతకన్నా కాదని తెలుసుకోవడం. పాత నిబంధనలతో పోలిస్తే ఈ పథకం తెచ్చిన అసలు మార్పు కూడా ఆ చోటనే ఉన్నది: ఎవరు చేశారు, కావాలని చేశారా, తెలియక చేశారా అన్న ప్రశ్నలను కొంత వెనక్కు జరిపి, హానికి గురైన మనిషికి ఏమైంది, ఏమి కాగలిగి ఉండేది అన్న ప్రశ్నను ఇది ముందు నిలబెట్టింది.

పాత నిబంధనల పుట్టుకకు కూడా ఒక దుర్వార్తే కారణం. విక్టోరియా రాష్ట్రంలోని ఒక నిలయంలో వృద్ధ స్త్రీలపై లైంగిక దాడులు జరిగాయన్న ఆరోపణలు 2006 తొలినాళ్లలో టెలివిజన్‌లో ప్రసారమై దేశమంతా గగ్గోలు పుట్టిన తరువాత, 2007 జూలై 1 నుంచి కొన్ని దాడుల గురించి ఇరవై నాలుగు గంటల్లో పోలీసులకూ ప్రభుత్వ శాఖకూ చెప్పితీరాలన్న నియమం వచ్చింది. అయితే ఆ నియమం ప్రధానంగా రెండింటినే పట్టించుకున్నది: అనుచితమైన బలప్రయోగం, చట్టవిరుద్ధమైన లైంగిక చర్య. పైగా అందులో ఒక పెద్ద మినహాయింపు ఉండేది. దాడి చేసిన వ్యక్తి కూడా అదే నిలయంలో ఉండే, మతి స్థిరం తప్పినట్టు వైద్యులు నిర్ధారించిన వృద్ధుడైతే, అతని ప్రవర్తనను అదుపులో ఉంచే ఏర్పాట్లు సంస్థ వెంటనే చేసుకుంటే, ఆ దాడిని ఎవరికీ నివేదించనక్కరలేదు. ఆలోచనా శక్తిని క్రమంగా హరించే డిమెన్షియా వ్యాధి ఉన్నవారు నిలయాల్లో సగానికి పైగా ఉంటారు గనుక, ఈ మినహాయింపు ఎన్ని ఘటనలను కప్పిపుచ్చిందో ఊహించవచ్చు. ఊహతో పనిలేకుండా ఒక అంచనా కూడా తరువాత వెలువడింది: 2019–20లో తప్పనిసరి నియమం కింద 5,718 దాడుల ఆరోపణలు నమోదు కాగా, మినహాయింపు వల్ల లెక్కకు రాని దాడులు అదే కాలంలో మరో 27,000 నుంచి 39,000 దాకా ఉంటాయని ఆరోగ్య శాఖ కోసం అధ్యయనం చేసిన కేపీఎంజీ సంస్థ తేల్చింది. దెబ్బ తిన్న మనిషి ఒళ్లు, దెబ్బ కొట్టిన మనిషికి మతి ఉందో లేదో చూసి నొప్పి పడదన్న చిన్న సత్యాన్ని చట్టం పద్నాలుగేళ్ల పాటు విస్మరించింది.

నివేదికలకెక్కని హాని సంగతిని ప్రజల దృష్టికి తెచ్చిన పేరు ఓక్‌డెన్. దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్‌లో, డిమెన్షియాతో పాటు తీవ్రమైన మానసిక సమస్యలున్న వృద్ధుల కోసం ఆ రాష్ట్ర ప్రభుత్వమే నడిపిన కేంద్రం అది. అక్కడ ఒక రోగికి వైద్యుడు రాసినదానికి పదిరెట్లు మందు ఇచ్చారని, ఒంటిమీద కారణం తెలియని కమిలిన గుర్తులు కనిపించాయని కుటుంబం పట్టువదలక ప్రశ్నించడంతో విచారణ మొదలై, 2017 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ప్రధాన మానసిక వైద్యాధికారి నివేదిక వెలువడి, ఆ ఏడాదే కేంద్రం మూతపడింది. మరుసటి ఏడాది అవినీతి నిరోధక కమిషనర్ బ్రూస్ లాండర్ ఇచ్చిన నివేదిక ఆ ఉదంతాన్ని రాష్ట్ర చరిత్రలోనే సిగ్గుపడాల్సిన అధ్యాయంగా పేర్కొన్నది. అన్నింటికంటే ఆలోచింపజేసే విషయం ఏమిటంటే, అదే కేంద్రం 2016లో జరిగిన అధికారిక తనిఖీలో నలభై నాలుగు ప్రమాణాలకు నలభై నాలుగింటిలోనూ ఉత్తీర్ణమైంది. తనిఖీకి వచ్చినవారు పద్ధతులనూ పత్రాలనూ చూశారు. రోజూ మంచం పక్కన నిలబడేవారికి కనిపించినది ఆ పత్రాల్లోకి చేరలేదు.

ఓక్‌డెన్ పై జరిగిన జాతీయ సమీక్ష, అదే 2017లో వృద్ధులపై హింస గురించి ఆస్ట్రేలియా లా రిఫార్మ్ కమిషన్ సమర్పించిన నివేదిక, రెండూ తీవ్ర ఘటనల పథకం ఒకటి కావాలని సిఫారసు చేశాయి. 2018 అక్టోబరులో ఏర్పడిన రాయల్ కమిషన్, అంటే అత్యున్నత స్థాయి ప్రజా విచారణ సంఘం, 2019లో ఇచ్చిన మధ్యంతర నివేదికకు నిర్లక్ష్యం అన్న ఒక్క మాటనే పేరుగా పెట్టింది. 2021 మార్చి 1న పార్లమెంటు ముందుకు వచ్చిన తుది నివేదికలో 148 సిఫారసులు చేసింది. అది బయటికి వచ్చిన నెల రోజులకే కొత్త పథకం అమలు మొదలైంది.

పథకం కింద నివేదించాల్సిన ఘటనలు ఎనిమిది రకాలు: అనుచిత బలప్రయోగం, చట్టవిరుద్ధమైన లేదా అనుచితమైన లైంగిక ప్రవర్తన, మానసిక వేధింపు, అనుకోని మరణం, సిబ్బంది చేసే దొంగతనం లేదా ఆర్థికపరమైన ఒత్తిడి, నిర్లక్ష్యం, నిర్బంధ పద్ధతులను తప్పుగా వాడటం, కారణం తెలియని అదృశ్యం. వీటిలో ప్రతి ఒక్కదానికీ ఒక ఉమ్మడి సూత్రం వర్తిస్తుంది: ఘటన కళ్లారా చూసినదే కానక్కరలేదు, ఎవరైనా ఆరోపించినా చాలు, జరిగి ఉంటుందన్న అనుమానానికి ఆధారమున్నా చాలు. రుజువులు సేకరించి, నిజమని తేలాకనే చెప్పాలనుకోవడం ఈ రంగంలో తరచు కనిపించే పొరపాటు. రుజువు చేయడం తరువాతి దశ, అది వేరొకరి పని. ముఖ్యంగా డిమెన్షియా ఉన్న మనిషి తనను కొట్టారని చెప్పినప్పుడు, ఆమె నిన్న కూడా ఏదేదో మాట్లాడింది కదా అని కొట్టిపారేయడానికి ఈ సూత్రం ఒప్పుకోదు.

బలప్రయోగం అనగానే చేయి చేసుకోవడం గుర్తుకు వస్తుంది గాని, స్నానం చేయించేటప్పుడు మొరటుగా లాగడం, నోరు తెరవకపోతే చెంచాను బలవంతంగా పళ్ల మధ్య దూర్చడం, కుర్చీలోకి తోసేయడం కూడా ఇందులోకే వస్తాయి. ఓదార్చడానికి చేయి పట్టుకోవడం, దృష్టి మరల్చడానికి భుజం తట్టడం, పడబోయేవారిని పట్టి నిలపడం రావు. నివాసులు ఒకరినొకరు కొట్టుకున్నా ఇప్పుడు అది నివేదించదగిన ఘటనే, కొట్టినవారి మతి ఎలా ఉన్నా సరే. అయితే ఇక్కడి నివేదిక ఉద్దేశం ఆ వృద్ధుడిని నేరస్థుడిగా నిలబెట్టడం కాదు. సాయంత్రం అయ్యేసరికి కలవరపడే మనిషి, చెప్పలేని నొప్పితో బాధపడే మనిషి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల ఉన్నట్టుండి గందరగోళంలో పడిన మనిషి చేయి ఎత్తడం వెనుక ఒక కారణం ఉంటుందని, ఆ కారణాన్ని పట్టుకోకపోతే రేపు మరొకరికి దెబ్బ తగులుతుందని ఈ రంగంలో అనుభవమున్నవారు చెబుతారు. నివాస సేవల నుంచి కమిషన్‌కు అందే నివేదికల్లో అనుచిత బలప్రయోగానిదే పెద్ద వాటా కావడానికి పాత నియమంలోని మినహాయింపు రద్దు కావడం ఒక ముఖ్య కారణం.

గుర్తించడానికి అన్నింటికంటే కష్టమైనది నిర్లక్ష్యం, ఎందుకంటే అది జరిగిన పని కాదు, జరగకుండా పోయిన పని. మంచం పట్టిన మనిషిని తగిన వ్యవధిలో అటూ ఇటూ తిప్పకపోతే, శరీర భారం పడే చోట చర్మానికి రక్తం అందక కణాలు చనిపోయి పుండు పడుతుంది. నడుము కింది ఎముక మీద, పిరుదుల మీద, మడమల మీద ఇవి ఎక్కువ. వీటిని ఇళ్లలో పడక పుండ్లు అంటారు. ప్రతి పుండూ నిర్లక్ష్యానికి నిదర్శనం కాకపోవచ్చు, మరణం దగ్గరపడిన శరీరంలో ఎంత జాగ్రత్త తీసుకున్నా చర్మం నిలవకపోవచ్చు. కాని పుండు పడే ప్రమాదం ఉన్నట్టు సంరక్షణ ప్రణాళికలో రాసి ఉండి, తిప్పిన వేళలు రాయాల్సిన కాగితం ఖాళీగా ఉండి, పుండు ఎముక దాకా వెళ్లే వరకు గాయాల నర్సుకు కబురు అందకపోతే, దానికి నిర్లక్ష్యం అన్న పేరు తప్ప మరొకటి సరిపోదు. ఈ విషయంలో తెలుగు పాఠకులు ప్రత్యేకించి గమనించవలసిన సంగతి ఒకటున్నది. పుండు తొలి దశను పాఠ్యపుస్తకాలు ఎర్రబారిన చర్మంగా వర్ణిస్తాయి; చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు కంటికి ఆనదు. పక్కనున్న చర్మం కంటే ఆ చోటు వేడిగానో చల్లగానో ఉండటం, గట్టిపడటం లేదా మెత్తబడటం, ఊదా రంగుకు తిరగడం, తాకితే నొప్పి అనడం అటువంటి చర్మం మీద తొలి గుర్తులు. చూపుతో పాటు చేతి స్పర్శతో కూడా పరీక్షించని సంరక్షకుడు భారతీయ వృద్ధుల విషయంలో ఆ తొలి దశను పూర్తిగా కోల్పోతాడు.

నిర్లక్ష్యం జాబితా అక్కడితో ఆగదు. ఆహారాన్ని అందనంత దూరంలో పెట్టి, గంట తరువాత ముట్టని పళ్లాన్ని తీసుకుపోవడం. కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం, కళ్లజోడు సొరుగులోనే ఉండిపోవడం. ఇన్సులిన్ ఒక పూట తప్పిపోవడం. పిలుపు గంట ఎంతసేపు మోగినా ఎవరూ రాకపోవడం, ఇవన్నీ సందర్భాన్ని బట్టి, హాని తీవ్రతను బట్టి ఇందులోకి వస్తాయి. కింద పడటం మాత్రం దానంతట అదే ఎనిమిది రకాల్లో ఒకటి కాదు. నడవగలిగే మనిషి ఒక్కోసారి పడతాడు. పడక ముందు చేయవలసిన ఏర్పాటు చేయకపోవడం, పడిన తరువాత గంటల తరబడి నేల మీదే వదిలేయడం, తలకు దెబ్బ తగిలినా గమనిస్తూ ఉండకపోవడం వంటివి తోడైనప్పుడే ఆ ఘటన నివేదిక దాకా వెళ్తుంది.

నిర్బంధ పద్ధతులు అంటే మనిషి స్వేచ్ఛగా కదలడాన్ని అడ్డుకునే చర్యలు. ఆస్ట్రేలియా చట్టం వీటిని ఐదుగా విభజించింది. మత్తు కలిగించే మందులతో ప్రవర్తనను అణచడం రసాయనిక నిర్బంధం, మంచం కటకటాలు లేదా నడుము పట్టీతో కట్టడి చేయడం యాంత్రిక నిర్బంధం, చేతులతో పట్టి ఉంచడం శారీరక నిర్బంధం, తలుపులకు తాళాలు, రహస్య సంకేత అంకెలు పెట్టడం పరిసర నిర్బంధం, ఒంటరిగా గదిలో ఉంచడం ఏకాంత నిర్బంధం. వీటిని పూర్తిగా నిషేధించలేదు. ఇతర మార్గాలన్నీ ప్రయత్నించాక, చివరి ఉపాయంగా, వీలైనంత తక్కువ కాలం, అంగీకారం ఇవ్వడానికి అధికారమున్న వ్యక్తి సమ్మతితో, వ్రాతపూర్వక ప్రణాళిక ప్రకారం వాడాలని 2021 జూలై 1 నుంచి నియమాలు కట్టుదిట్టం చేశారు. ఆ షరతులు తప్పితే అదే ఒక తీవ్ర ఘటన. కుటుంబాలు ఎక్కువగా మోసపోయేది రసాయనిక నిర్బంధం దగ్గర. నిన్నటి దాకా అరిచిన అమ్మ ఇప్పుడు నెమ్మదించిందని, హాయిగా నిద్రపోతున్నదని సంతోషించే పిల్లలకు, ఆ నెమ్మది వెనుక ఏ మాత్ర ఉందో, దానికి ఎవరి సమ్మతి తీసుకున్నారో అడగాలని తోచదు. డిమెన్షియాలో వచ్చే దుడుకు ప్రవర్తనకు ప్రభుత్వ రాయితీ కింద ఇచ్చే రిస్పెరిడోన్ మందుకు కూడా పన్నెండు వారాల పరిమితి ఉన్నది. అంతకు మించి సాగుతూ పోతున్న చీటీ గురించి వైద్యుడిని ప్రశ్నించే హక్కు సమ్మతి ఇచ్చినవారికి ఎప్పుడూ ఉంటుంది.

మానసిక వేధింపులో గాయం కనబడదు గనుక ప్రవర్తనలో వచ్చే మార్పే సాక్ష్యం. హేళన చేయడం, గద్దించడం, అరిస్తే భోజనం పెట్టేది లేదని బెదిరించడం, నమ్మకాలనూ భాషనూ వెక్కిరించడం, పేరు పెట్టి పిలిచినా పలకకుండా శిక్షించడం వంటివి ఇందులో చేరతాయి. ఒక ఉద్యోగి గదిలోకి రాగానే ముడుచుకుపోయే మనిషి, స్నానం అనగానే వణికే మనిషి, నలుగురిలో తినడం మానేసిన మనిషి ఏదో చెబుతున్నట్టే లెక్క. లైంగిక ఘటనల విషయంలో చట్టం ఒక సున్నితమైన గీత గీసింది. ఇద్దరు వృద్ధులు ఇష్టపూర్వకంగా ఏర్పరచుకున్న సాన్నిహిత్యం ఘటన కాదు, వయసు మీరినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఇద్దరిలో ఒకరికి సమ్మతి తెలిపే శక్తి లేకపోతే, లేదా చేసినవారు సిబ్బందిలో ఒకరైతే, అప్పుడది తప్పకుండా ఘటనే. మొదటిదాన్ని చూసి కంగారుపడటం, రెండోదాన్ని చూసి చూడనట్టు పోవడం రెండూ జరుగుతూనే ఉంటాయి.

అనుకోని మరణం అంటే అకస్మాత్తుగా సంభవించిన మరణమని అర్థం చేసుకోకూడదు. సంస్థ తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్లనో, అందించిన సంరక్షణలోని లోపం వల్లనో సంభవించిన మరణమని దాని సారం. మింగడం కష్టమైన మనిషికి మెత్తని ఆహారమే ఇవ్వాలని రాసి ఉండగా రొట్టె ముక్క ఇస్తే ఊపిరాడక పోయిన ప్రాణం ఇందులోకి వస్తుంది. ముదిరిన వ్యాధితో, ఉపశమన చికిత్సలో, అందరూ ఎదురుచూస్తున్న మరణం రాదు. మిగిలిన రెండు రకాలు కొంత తేలిక. దొంగతనం, ఆర్థిక ఒత్తిడి అన్నవి సిబ్బంది చేసినప్పుడే ఈ పథకం కిందికి వస్తాయి. కొనుగోళ్ల కోసం ఇచ్చిన కార్డును సొంతానికి వాడుకోవడం మొదలుకొని వీలునామాలో పేరు రాయించుకోజూడటం దాకా ఇందులో ఉన్నాయి. అదృశ్యం విషయంలో, మనిషి ఎక్కడికి వెళ్లారో తెలియక పోలీసులకు చెప్పవలసినంత ఆందోళన కలిగితే అది ఘటన అవుతుంది.

తీవ్రతను బట్టి గడువులు రెండు. వైద్యమో మానసిక చికిత్సో అవసరమైనంత బాధ కలిగించిన ఘటన, అంత బాధ కలిగించగలదని సహేతుకంగా అనుకోదగిన ఘటన, పోలీసులకు చెప్పదగిన ఘటన మొదటి ప్రాధాన్యం కిందికి వస్తాయి. సంస్థకు తెలిసినప్పటి నుంచి ఇరవై నాలుగు గంటల్లో కమిషన్‌కు చెప్పాలి. అనుకోని మరణం, అదృశ్యం ఎప్పుడూ ఈ తరగతిలోవే. నేరం జరిగిందనడానికి తగిన ఆధారముంటే అదే గడువులో పోలీసులకు వేరుగా చెప్పాలి. కమిషన్‌కు చెప్పినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. మిగిలిన ఘటనలు రెండో ప్రాధాన్యం, వాటికి ముప్పై రోజుల గడువు. ఇక్కడ బాధితుడి స్పందన ఒక్కటే కొలమానం కాదని గమనించాలి. కొట్టినా నవ్వి ఊరుకున్న డిమెన్షియా రోగికి బాధ కలగలేదని రాసి ఘటనను రెండో తరగతిలోకి దించడం తరచు జరిగే పొరపాటు. ఆ స్థితిలో మరొక మనిషికైతే ఎలా ఉండేదన్నది కూడా ఆలోచించాలి. సందేహం ఉన్నప్పుడు పెద్ద తరగతిని ఎంచుకోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

ఉద్యోగి చేయవలసినది ముందు ఆ మనిషిని భద్రమైన స్థితికి చేర్చి, వైద్యం అవసరమైతే పిలిపించి, చూసినదాన్ని చూసినట్టుగా, విన్న మాటలను విన్నట్టుగా వెంటనే రాసి, పై బాధ్యులకు చెప్పడం. 'ఆమె దురుసుగా ప్రవర్తించింది' అన్న వాక్యం అభిప్రాయం; 'ఆమె ఎడమ మోచేతి పైన నాలుగు వేళ్ల వెడల్పున నీలి గుర్తు ఉన్నది, ఉదయం ఆరు గంటలకు దుస్తులు మార్చేటప్పుడు కనిపించింది' అన్నది నివేదిక. నేరం అనుమానం ఉన్నచోట దుస్తులు ఉతకడం, స్నానం చేయించడం, గది సర్దడం వంటి మంచి ఉద్దేశంతో చేసే పనులే సాక్ష్యాన్ని తుడిచిపెడతాయి. సంస్థ తన వంతుగా వృద్ధుడికీ, ఆయన కోరిన కుటుంబ సభ్యులకూ జరిగినది దాచకుండా చెప్పి క్షమాపణ కోరాలి. ఈ పద్ధతిని అక్కడ ఓపెన్ డిస్‌క్లోజర్ అంటారు. ఘటన వివరాలను ఏడేళ్ల పాటు భద్రపరచాలి, వాటిని కలిపి చూసి ఒకే గదిలో, ఒకే వేళలో, ఒకే లోపంతో పదేపదే జరుగుతున్నదేమిటో పట్టుకోవాలి. కమిషన్‌కు చెప్పకపోయినా ఫరవాలేని చిన్న ఘటనలను సైతం ఈ అంతర్గత నమోదులో ఉంచాల్సిందే.

పథకానికి పరిమితులు లేకపోలేదు. చాలా సందర్భాల్లో ఘటనను మొదట విచారించేది ఆ సంస్థే. తన ఇంటి తప్పును తానే తూచేవాడి తక్కెడ ఎటు మొగ్గుతుందన్న అనుమానం సహజం. కమిషన్ మరింత సమాచారం కోరవచ్చు, స్వయంగా విచారించవచ్చు, తప్పు చేసిన ఉద్యోగిని ఈ రంగంలో పనిచేయకుండా నిషేధించవచ్చు కూడా. కాని వచ్చిపడే నివేదికల సంఖ్యను చూస్తే ప్రతిదాన్నీ అంత లోతుగా పరిశీలించడం ఏ సంస్థకైనా సాధ్యమయ్యేది కాదు. ఇక సంఖ్యల విషయంలో పత్రికలు కూడా పొరబడుతుంటాయి. ఎక్కువ నివేదికలు పంపిన నిలయం చెడ్డదని, ఒక్కటీ పంపనిది మంచిదని అనుకోవడం ఓక్‌డెన్ నేర్పిన పాఠానికి విరుద్ధం. వంద మంది బలహీనులు ఒక చోట నివసిస్తూ నెలల తరబడి ఏమీ జరగలేదంటే, అక్కడ నిజంగా ఏమీ జరగలేదా, ఎవరూ చూడలేదా అని అడగవలసి ఉంటుంది. చూడటానికి మనుషులు కూడా ఉండాలి: 2024 అక్టోబరు నుంచి ఒక్కో నివాసికి రోజుకు సగటున 215 నిమిషాల సంరక్షణ, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సు చేత అందించాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం పెట్టింది. నిర్లక్ష్యపు నివేదికలు తగ్గాలంటే శిక్షణ కరపత్రాల కంటే ఈ నిమిషాలే ఎక్కువ పనిచేస్తాయని అనుకోవడానికి కారణముంది.

ఈ వ్యవస్థతో తెలుగువారికి సంబంధం రెండు వైపులా ఉన్నది. సంరక్షకులుగా, నర్సులుగా పనిచేసే తెలుగువారు ఒక వైపు. విద్యార్థి వీసాపై ఉన్నవారు పక్షానికి 48 గంటలకు మించి పనిచేయరాదన్న పరిమితిని 2023 జూలైలో తిరిగి విధించినప్పుడు, వృద్ధ సంరక్షణలో ఉన్నవారికి ఆ ఏడాది చివరి దాకా సడలింపు ఇచ్చారంటే, ఈ రంగం విదేశీ విద్యార్థుల మీద ఎంతగా ఆధారపడిందో తెలుస్తుంది. కొత్తగా చేరిన యువకుడికి సీనియర్ మీద చెప్పడమంటే జంకు, వీసాకు ముడిపడిన ఉద్యోగం పోతుందేమోనన్న భయం, పెద్దలతో వాదించకూడదన్న పెంపకం, ఇవన్నీ నోరు నొక్కుతాయి. అటువంటివారికి చట్టం కొంత అండ కల్పించింది: ఘటనను వెల్లడించినందుకు ఉద్యోగం నుంచి తీసేయడం, వేధించడం నిషిద్ధం, కొత్త చట్టం ప్రకారం సంస్థకు కాకుండా నేరుగా కమిషన్‌కో పోలీసులకో చెప్పవచ్చు, పేరు చెప్పకుండానూ చెప్పవచ్చు. చూసి కూడా చెప్పకపోవడమే ఉద్యోగికి ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే 2022 డిసెంబరు నుంచి అమలులో ఉన్న ప్రవర్తనా నియమావళి హింసను అరికట్టడం ప్రతి సంరక్షకుడి వ్యక్తిగత బాధ్యతగా పేర్కొన్నది.

రెండో వైపు, అక్కడే వృద్ధులవుతున్న తెలుగు తల్లిదండ్రులు. డిమెన్షియా ముదిరేకొద్దీ తరువాత నేర్చిన ఇంగ్లీషు ముందుగా జారిపోయి మాతృభాష మిగలడం తరచు కనిపిస్తుంది. అప్పుడు నొప్పి గురించి, భయం గురించి ఆమె తెలుగులో అనే మాట సిబ్బందికి అర్థం లేని గొణుగుడుగా వినిపిస్తుంది. వారానికోసారి వచ్చే కొడుకో కోడలో ఆ మాటను వినగలిగిన ఏకైక సాక్షి కావచ్చు. అయినా, మనవాళ్లను బాగానే చూస్తున్నారు, అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం అడ్డువస్తుంది. కుటుంబం సర్స్ నివేదిక పంపనక్కరలేదు, ఆ బాధ్యత సంస్థదే; కాని కుటుంబం చెప్పిన అనుమానం కూడా సంస్థ దృష్టిలో ఆరోపణే, దాని మీద గడువు నడవడం మొదలవుతుంది. సంస్థ పట్టించుకోకపోతే కమిషన్‌కు 1800 951 822 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు, వృద్ధుల పక్షాన మాట్లాడే ఉచిత సహాయకులను 1800 700 600 ద్వారా పొందవచ్చు, ఇంగ్లీషు రానివారు 131 450కు ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు. ప్రాణాపాయం ఉన్నచోట మొదటి ఫోన్ 000కే.

దీనితో పోల్చి చూస్తే, భారతదేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం నిరాదరణకు గురైన వృద్ధులకు పిల్లల నుంచి భృతి ఇప్పించడంపై, జిల్లాకొక వృద్ధాశ్రమం నెలకొల్పడంపై దృష్టి పెట్టింది. వృద్ధులను దిక్కులేకుండా వదిలేసేవారికి మూడు నెలల దాకా జైలు లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా విధించవచ్చునన్నది. ఆశ్రమంలో జరిగిన హానిని ఆశ్రమమే గడువులోగా ఒక నియంత్రణ సంస్థకు తెలియజేయాలన్న విధి మాత్రం ఆ చట్టంలో లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అటువంటి ఘటన ఎవరి దృష్టికైనా వస్తే అందుబాటులో ఉన్న మార్గాలు పోలీసులు, జిల్లా అధికారులు, వయోవృద్ధుల జాతీయ సహాయ నంబరు 14567. సంరక్షణ గృహాలకూ, ఇంటికి వచ్చి సేవలందించే సంస్థలకూ నమోదును తప్పనిసరి చేసి, కనీస ప్రమాణాలు నిర్దేశించేందుకు ఉద్దేశించిన సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. చట్టం కాకముందే 2024లో ఆ సభ కాలం ముగియడంతో అది మురిగిపోయింది.